వంకర జాగాలు, తిన్నని నిబంధనలు

పెన్‌పహాడ్ మండలమున ఏ యూరికి పోయినను గ్రామకంఠములోని యిండ్ల జాగాలలో నాలుగు మూలలును మట్టమునకు తీరియున్నవి మిక్కిలి యరుదు. ఊరు పెరిగిన విధమే యట్టిది. మొదట ఒక బావియో, గుడియో, రావిచెట్టో వెలసినది. దాని చుట్టు ఇండ్లు లేచినవి. ఇండ్ల నడుమ బండ్లబాట పడినది. బాట యెటు వంగిన గోడయు నటు వంగినది. నాగులపహాడున కాకతీయుల నాటి దేవాలయములు దిక్కులకు తిన్నగా నిలిచియున్నవి గాని, వాని చుట్టునున్న ఊళ్ల వీధులు శిల్పి గీచినవి కావు, పశువులు నడచినవి. ఊరి వెలుపలి పొలమునకు సర్వే నంబరు కలదు, టిప్పన్ కలదు, హద్దురాళ్లు కలవు. ఊరిలోని యింటి జాగాకు ఇవి లేవు. గ్రామకంఠమంతయు ఒక్క ముద్దగా రికార్డులకెక్కినది. అన్నదమ్ములు పాలు పంచుకొన్నప్పుడెల్ల దానిలో మఱియొక గీత, తఱచు వంకరగీత, పడుచు వచ్చినది.

ఈ వంకర మొన్నటి దాక ఎవరిని బాధింపలేదు. గోడకు గోడ కలిపి కట్టుకొనుట యాచారమై యుండెను. ఇప్పుడట్లు కాదు. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, సూర్యాపేట జిల్లాకేంద్రమైనది. అది మొదలు చుట్టుపట్ల పల్లెలవారి చూపు పట్టణమువైపు తిరిగినది. పొలమమ్మినవాడును, ధాన్యపు సొమ్ము మిగిల్చినవాడును, పిల్లల చదువునకై వచ్చినవాడును సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో నూటయేబది గజముల ప్లాటు కొనుచున్నారు. ఈ ప్లాట్లలోను తిన్ననివన్నియు ముందే యమ్ముడుపోవును. హైదరాబాదు–విజయవాడ రహదారియు, సూర్యాపేట–ఖమ్మము రహదారియు నాలుగు వరుసలకు విస్తరించినప్పుడు పొలములను ఏటవాలుగా కోసికొనిపోయినవి. కాలువలును అంతే చేసినవి. కోతకు మిగిలిన ముక్కలు ముక్కోణములుగను, చేటలుగను తేలినవి. అవి చౌకగా దొరకును. చేతిలో సొమ్ము తక్కువైనవాడు వానినే కొనును. కొన్న పిమ్మట ఇల్లు కట్టబోవునప్పుడు కదా అసలు సంగతి బయటపడుచున్నది.

ఆ సంగతియే మా నేటి విషయము. ఇల్లు కట్టువాడు తన జాగా హద్దుకును తన గోడకును నడుమ కొంత ఖాళీ విడువవలెను. దీనినే ఇంజనీర్లు సెట్‌బ్యాకు అందురు. మేము విడుపు అందుము. ఈ విడుపుల లెక్క మనకు 2012 ఏప్రిల్ 7వ తేదీన పురపాలక శాఖవారు జారీచేసిన 168వ నంబరు ఉత్తరువునందున్నది. ఉమ్మడి రాష్ట్రమున వెలువడిన యీ నియమావళిని తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదపను సవరణలతో కొనసాగించిరి. పురపాలక సంఘములకును, పట్టణాభివృద్ధి సంస్థల పరిధికిని, మాస్టర్ ప్లానులో చేరిన పంచాయతీలకును ఇది వర్తించును. తక్కిన పల్లెలకు 2002 నాటి గ్రామ పంచాయతీ నియమములు కలవు. పట్టణము పెరిగి మాస్టర్ ప్లాను పల్లెలమీదికి జరిగిన కొలది మొదటి నియమావళియే అందఱి మెడకు చుట్టుకొనునది గనుక దానినే విచారింతము.

ఆ నియమావళిలోని పట్టిక జాగా విస్తీర్ణమును బట్టి తరగతులు చేయును. నూఱు మొదలు రెండువందల చదరపు మీటర్ల దాక ఒక తరగతి. పది మీటర్ల యెత్తు వఱకు కట్టవచ్చును. దారి చిన్నదైనచో ముందు ఒకటిన్నర మీటరు, 'మిగిలిన పార్శ్వముల' ఒక్కొక్క మీటరు విడువవలెను. పట్టికలో నున్నది ఇంతియే. జాగా చతురస్రమా, ముక్కోణమా, బారు పట్టీయా యని పట్టిక యడుగదు. చూచుటకు ఇది సమదృష్టివలె తోచును. కాని విడుపు జాగా నడుమనుండి తీయునది కాదు, అంచునుండి తీయునది. ఒకే విస్తీర్ణము గల రెండు జాగాలలో దేని యంచు పొడవో దానికే నష్ట మెక్కువ. వంకర జాగాకు అంచు ఎల్లప్పుడును పొడవే.

లెక్క వేసి చూతము. పది మీటర్ల ముఖము, పదునైదు మీటర్ల లోతు గల తిన్నని ప్లాటు విస్తీర్ణము నూటయేబది చదరపు మీటర్లు, అనగా సుమారు 179 గజములు. విడుపులు పోగా ఎనిమిది మీటర్ల వెడల్పు, పండ్రెండున్నర మీటర్ల పొడవు, సరిగా నూఱు చదరపు మీటర్లు ఇంటికి దక్కును. మూడింట రెండు వంతులన్నమాట. ఇక అంతే విస్తీర్ణము గల బారు జాగాను తీసికొందము. తండ్రి జాగా పది మీటర్ల ముఖము, ముప్పది మీటర్ల లోతు. కొడుకులిద్దఱు. అడ్డముగా పంచినచో వెనుకవానికి దారి యుండదు గనుక నిలువుగా పంచుకొనిరి. ఒక్కొక్కనికి అయిదు మీటర్ల ముఖము, ముప్పది మీటర్ల లోతు వచ్చినది. ప్రక్కల ఒక్కొక్క మీటరు పోగా మిగిలిన వెడల్పు మూడు మీటర్లు. గోడల మందము తీసివేసిన లోపల రెండున్నర మీటర్లు. మంచము వేసినచో మనుష్యుడు ప్రక్కకు తిరిగి నడువవలెను. దక్కిన విస్తీర్ణము 82.5 చదరపు మీటర్లు. ఆ యన్నదమ్ములే ఒప్పుకొని నడుమ ఉమ్మడి గోడ పెట్టుకొన్నచో ఒక్కొక్కనికి 110 చదరపు మీటర్లు దక్కియుండును. పెద్ద జాగా గలవాడు వరుస యిండ్ల పథకము వేసినచో గోడకు గోడ కలుపుటకు నియమములందే వీలున్నది. ఒక తల్లి కడుపున పుట్టిన యిద్దఱకు ఆ వీలు లేకుండుట యే న్యాయమో మాకు బోధపడలేదు.

ముక్కోణపు జాగా మఱింత చిత్రమైనది. దారిమీది ముఖము పదునైదు మీటర్లు, దానికి మట్టముగా నున్న ప్రక్క ఇరువది, ఏటవాలు అంచు ఇరువదియైదు అనుకొందము. విస్తీర్ణము అదే నూటయేబది. విడుపులు పోగా సుమారు తొంబది చదరపు మీటర్ల ముక్కోణము మిగులును. నష్టము పదియే గదా యని కాగితము చూచినవా డనవచ్చును. కాని ముక్కోణపు గదిలో బీరువా పట్టదు, మంచము పట్టదు. ముక్కోణములో ఇముడు మిక్కిలి పెద్ద దీర్ఘచతురస్రము దాని విస్తీర్ణములో సగమే. అనగా తిన్నని గోడల యిల్లు కావలెనన్నచో నలుబదియైదు చదరపు మీటర్లు. మూలలయందు మెట్లో, స్నానపు గదియో పెట్టి కొంత రాబట్టుకొనవచ్చును. అది మేస్త్రీ నేర్పునుబట్టి యుండును. ఆ ముక్కోణము రెండు దారుల కూడలిలో నున్నచో పెద్ద దారివైపు ముఖమని లెక్కించి ముందు విడుపు అటు విడువవలెను. కూడలి మూలను కోసి దారికి వదలుట వేఱు. కాలువ ప్రక్కనున్నచో అది మఱొక లెక్క. పది మీటర్లకు మించిన వెడల్పు గల కాలువ హద్దునుండి తొమ్మిది మీటర్లు, అంతకు లోపడిన కాలువనుండి రెండు మీటర్లు, పది హెక్టార్లకు లోపడిన చెఱువునుండియు కుంటనుండియు తొమ్మిది మీటర్లు దూరముండవలెను. ఈ చివరి నియమములతో మాకు పేచీ లేదు. నీటి దారికి అడ్డుపడిన యిల్లు నీటికే పోవును. కాలువగట్టున చౌకగా వచ్చినదని ముక్కోణము కొన్నవాడు మాత్రము దానిలో ఇల్లు మొలవదని ముందే తెలిసికొనవలసియుండెను, అమ్మినవాడు చెప్పవలసియుండెను.

తరగతుల హద్దులలోని వింత నొకదానిని ఇచట చెప్పక పోజాలము. మన ప్రాంతమున జాగా కొలుచునది గుంటలతో. గుంట యనగా నూటయిరువదియొక్క గజములు, అనగా 101 చదరపు మీటర్లకు పైచిలుకు. నూఱు చదరపు మీటర్లకు లోపడిన జాగాలో ఏడు మీటర్ల యెత్తు వఱకు కట్టువానికి ముందు విడుపు తప్ప ప్రక్కల విడుపు అక్కఱలేదు. నూఱు దాటెనా, అన్ని ప్రక్కల మీటరు చొప్పున పోవలెను. ముప్పదిమూడడుగుల చదరమైన గుంట జాగాలో అడుగు అంతస్తునకు దక్కునది సుమారు అఱువదియొక్క చదరపు మీటర్లు. దానికంటె రెండు చదరపు మీటర్లు తక్కువైన జాగాలో ఎనుబదినాలుగు దక్కును. గుంట కొన్నవాడు గజమున్నర ప్రక్కవానికి దానము చేసినచో తన యిల్లు పెద్దదగును! ఈ పట్టికను వ్రాసినవారు గుంటను తలపున ఉంచుకొనలేదని చెప్పక తప్పదు. మీటర్ల లెక్క హైదరాబాదు కచేరీలో పుట్టినది. గుంట లెక్క మన పొలముల పుట్టినది. ఈ రెండింటి సంధిలో పేదవాని గది యొకటి పోవుచున్నది.

వంకర జాగాలకు నియమావళిలో ఏ సడలింపును లేదనుట సత్యము కాదు. మూడువందల చదరపు మీటర్లకు మించిన జాగాలో ఒక ప్రక్క విడుపునుండి ఒక మీటరు దాక మఱియొక ప్రక్కకు మార్చుకొనవచ్చును. నాలుగువందల చదరపు మీటర్లకు మించక, వెడల్పునకు నాలుగింతల పొడవు గల బారు జాగాలందు ప్రక్క విడుపులను తగ్గించి ఆ తరుగును ముందు వెనుకల విడుపులలో పూరించుకొనవచ్చును; కాని పది మీటర్ల యెత్తు వఱకు కట్టునింటికి ప్రక్కల ఒక్కొక్క మీటరైనను ఉండితీరవలెను. ఈ సడలింపులను పట్టికతో కలిపి చదివినవారికి ఒకటి తెలియును. మొదటిది పెద్ద జాగాలకే చెందినది. రెండవది బారు జాగాలకు చెందినదైనను, రెండువందల చదరపు మీటర్లకు లోపడినవాని ప్రక్క విడుపు మొదటినుండియు మీటరే గనుక వారికి తగ్గించునది సున్న. మేము పైన చెప్పిన యన్నదమ్ములకు ఈ సడలింపువలన అంగుళమైన లాభము లేదు. ముక్కోణమునకు రెంటిలో నొకటియు సరిపడదు. వైద్యుడు మందు నిచ్చెను గాని రోగికి కాక పొరుగువాని కిచ్చినట్లున్నది.

మేము విడుపులనే వలదనువారము కాము. ఈ నియమములు ఊరక పుట్టినవి కావు. 1896లో బొంబాయిలో మహామారి ప్లేగు చెలరేగినప్పుడు గాలి వెలుతురు చొరని యిండ్లలో జనులు పిట్టలవలె రాలిరి. 1898లో అచట నగరాభివృద్ధి ట్రస్టును స్థాపించిరి. గోడ యెత్తులో సగమైనను దాని యెదుట ఖాళీ యుండవలెనని, అప్పుడే అడుగు గదికి వెలుతురు దిగునని వారు నిబంధన చేసిరి. అఱువదిమూడున్నర డిగ్రీల నియమమని దానికి పేరు. మన హైదరాబాదున 1908 సెప్టెంబరులో మూసీ వఱద వేలకొలది ప్రాణములను బలిగొన్న పిదప 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇఱుకు పేటలను తెఱచినది. ఆ మూసీయే మన సూర్యాపేట సీమకు నీరిచ్చుచున్నది. వెలుతురునకు, గాలికి, నిప్పంటుకొన్నప్పుడు మనుష్యుడు తప్పించుకొనుటకు ఖాళీ కావలెను. ఇందు రెండవ మాట లేదు. కాని బొంబాయి నియమము వెలుతురును కొలిచినది. మన పట్టిక అంచును కొలుచుచున్నది. పది మీటర్ల గోడలు రెండు ఎదురెదురుగా నిలిచిన చోట నడుమ రెండు మీటర్ల సందు విడిచిన మాత్రమున అడుగు గదికి సూర్యుడు దిగడు. ఆ సందు చెత్తకును, పనికిరాని పైపులకును నిలయమగుట పట్టణములు చూచినవారెల్ల ఎఱుగుదురు. ఆ రెండు సందులను ఒక్కటిగా చేసి ఇంటి నడుమ పాతకాలపు మండువావలె తెఱపి ఉంచినచో వెలుతురు ఎక్కువ, నష్టము తక్కువ. నియమావళియు లోపలి తెఱపిని ఎఱుగును. కాని అది ఇరువదియైదు చదరపు మీటర్లకు తగ్గరాదనియు, ఏ ప్రక్కయు మూడు మీటర్లకు తగ్గరాదనియు అనును. గుంట జాగాలో అది తీసినచో ఇక ఇల్లెక్కడ?

ఇంతవఱకు చెప్పినది నష్టము. ఇక భయము మాట. 2020 నవంబరులో ఆరంభమైన బీపాస్ పద్ధతిచొప్పున డెబ్బదియైదు గజముల లోపు జాగాలో ఏడు మీటర్ల యెత్తు వఱకు కట్టువాడు రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలును. అయిదువందల చదరపు మీటర్ల వఱకు, పది మీటర్ల యెత్తు వఱకు, యజమాని తన ప్రమాణపత్రముమీద తక్షణమే అనుమతి పొందును. అంతకు మించినవానికి ఇరువదియొక్క దినములలో నిర్ణయము రావలెను. కచేరీ గడప యెక్కి దిగు బాధ తప్పినందుకు మేమును సంతసించితిమి. కాని ఆ చట్టముననే మఱియొక మాట యున్నది. ప్రమాణము తప్పని తేలినచో, అనుమతికి విరుద్ధముగా కట్టినచో, నోటీసు లేకయే కూల్చు నధికారము. తిన్నని ప్లాటువాడు ఈ మాటకు జడియనక్కఱలేదు. రెండు తాళ్లు లాగి కొలుచుకొనును. అయిదు మూలల జాగావాని గతి యేమి? అతని యేటవాలు హద్దునుండి మీటరు అనగా మట్టముగా కొలువవలెనా, దారికి సమాంతరముగా కొలువవలెనా? దారి వంకరగా పోయిన చోట ముఖమేది, ప్రక్క యేది? పొరుగువాని దస్తావేజులోని కొలతలు తనవానితో కలియనప్పుడు ఎవనివి చెల్లును? ఈ ప్రశ్నలకు పట్టణ ప్రణాళికాధికారి యొకటి, లైసెన్సుదారుడైన ఇంజనీరు మఱొకటి చెప్పిన, ప్రమాణము మీద సంతకము పెట్టినవాడు గృహస్థుడే. అర్థము తేలని నియమమునకు తెలిసి తప్పినవానికి వేయు శిక్షను వేయరాదు.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు దాటిరో చూచుట మంచిది. 1916లో న్యూయార్కు నగరము మొదట సమగ్రమైన మండల నియమములు చేసినది. ఆ పిదప అమెరికా పట్టణములు పలువిధముల నియమావళులు వ్రాసికొన్నవి. వానిలో అనేకము ముక్కోణపు జాగాకు వెనుక హద్దేదో స్పష్టముగా నిర్వచించినవి: జాగా లోపల, ముఖమునకు సమాంతరముగా, దానికి వీలైనంత దూరముగా పదియడుగుల పొడవు గల గీత యెక్కడ పట్టునో అదే వెనుక హద్దు. వెడల్పు మాఱుచుండు జాగాకు వెడల్పు ఎక్కడ కొలువవలెనో కూడ వ్రాసిరి. ఇది గొప్ప విద్య కాదు. రెండు వాక్యములును, ఒక బొమ్మయు. మన వాస్తువారు గోముఖమనియు, సింహముఖమనియు, శూర్పాకారమనియు జాగాల ఆకృతులకు ఏనాడో పేర్లు పెట్టిరి. ఈశాన్యము పెరిగిన జాగాకు ఎక్కువ ధర పలుకుచున్నది. ప్రభుత్వ పట్టికకు మాత్రము జాగా యాకృతి ఇంకను తెలియకున్నది.

వంకరను భరించుటకు బదులు వంకరనే తీర్చు మార్గమును మన దేశమునందే కలదు. 1915లో బొంబాయి రాజధానిలో నగర ప్రణాళికా చట్టము వచ్చినది. ఒక పేటలోని వంకర పొలములన్నింటిని కలిపి, దారులకును తోటలకును కొంత భాగము తీసి, ప్రతి యజమానికి తన పాత చోటికి వీలైనంత దగ్గఱగా తిన్నని ప్లాటును మరల ఇచ్చుట దాని పద్ధతి. గుజరాతువారు 1976 నాటి చట్టముక్రింద నేటికిని దానినే పాటించుచున్నారు. మన తెలుగునాట 2015లో అమరావతికై ముప్పదిమూడువేల యెకరములకు పైగా రైతులు ఇచ్చిరి. మెట్ట యెకరమునకు వేయి గజముల నివాసస్థలము, రెండువందలయేబది గజముల వ్యాపారస్థలము ఇత్తుమన్నారు. జరీబు భూమికి వ్యాపారస్థలము నాలుగువందలయేబది గజములు. వంకర మడులు పోయి తిన్నని ప్లాట్లు కాగితముమీద వచ్చినవి. కాని 2019లో ప్రభుత్వము మాఱి రాజధాని నిర్ణయమే తారుమాఱైనప్పుడు ఆ ప్లాట్లు ముండ్లకంపలలో పడియుండెను. కలుపుకొనుట సులభము, తిరిగి చేతికిచ్చుటయే కష్టమని ఆ రైతులు నేర్చిరి. కావున సూర్యాపేట అంచున ఇట్టి పథకము తలపెట్టినచో అది పదివేల యెకరములది కారాదు. ఒక రహదారి కోసిన నాలుగైదు సర్వే నంబర్ల మేర చాలును. పేర్లు తెలిసిన పదిమంది పట్టాదారులు ఒక రావిచెట్టుక్రింద కూర్చుండి తేల్చుకొనదగినంతది కావలెను.

మా పాఠకులలో భూస్వాములు పలువురున్నారు గనుక వారికిని ఒక మాట. పొలమును ప్లాట్లుగా కోయునప్పుడు తిన్నని ముక్కలన్నియు లాభమునకు అమ్మి, ఏటవాలు అంచున మిగిలిన కోణములను చివర ఏ యుపాధ్యాయునికో, ఏ చిన్న వర్తకునికో అంటగట్టుట సాగుచున్నది. ఆ కోణములను కలిపి పిల్లల ఆటస్థలముగనో, చెట్లకో విడిచినచో లేఅవుటులో విడువవలసిన ఖాళీలో చేరును. అట్లు చేయక అమ్మిన లేఅవుటుల ఫలితమే 2020లో క్రమబద్ధీకరణకై రాష్ట్రమున ఇరువదియైదు లక్షలకు పైగా వచ్చిన దరఖాస్తులు. క్రమబద్ధీకరణ రుసుము చెల్లించినచో ప్లాటు సక్రమమగును గాని తిన్నన కాదు.

ప్రభుత్వమువారిని మేము కోరునవి పెద్దవి కావు. రెండువందల చదరపు మీటర్లకు లోపడిన వంకర జాగాలకు ప్రక్కప్రక్కకు మీటరు అను లెక్క బదులు మొత్తము ఖాళీ ఇంత యుండవలెనని నిర్ణయించి, అది ఏ ప్రక్క విడువవలెనో గాలి వెలుతురుల షరతుతో యజమానికే విడువవలెను. పొరుగువారిద్దఱు వ్రాతమూలకముగా ఒప్పుకొన్నచో ఉమ్మడి గోడ కంగీకరింపవలెను. తరగతి హద్దును నూఱునుండి నూటరెండు చదరపు మీటర్లకు జరిపినచో గుంట జాగాలు తేఱుకొనును. ముక్కోణమునకు, గోముఖమునకు, కూడలి జాగాకు కొలత యెట్లో బొమ్మలతో తెలుగున అచ్చువేసి ప్రతి పురపాలక సంఘమునందును పంచాయతీయందును గోడకు అంటింపవలెను.

వీనికన్నిటికిని ముందు కావలసినది పటము. గ్రామకంఠములను డ్రోనులతో కొలిచి ఇంటింటికి హక్కుపత్రము నిచ్చు స్వామిత్వ పథకమును కేంద్రము 2020లో ఆరంభింపగా తెలంగాణము ప్రయోగదశతోనే ఆగెను. 2025 నాటి భూభారతి చట్టము సాగుభూమి చేతులు మాఱునప్పుడు సర్వే పటము జతపఱచు ఏర్పాటు చేసినది. ఇంటి జాగాకును అదే కావలెను. అన్నదమ్ముల పంపకపు దస్తావేజు రిజిస్టరగునప్పుడే, ఈ ముక్కలలో విడుపులు పోగా ఎంత యిల్లు పట్టునో చూపు గీతపటము దానికి చేరినచో, పది మీటర్ల ముఖమును నిలువున చీల్చుటకు ముందు ఆ యిద్దఱును ఒకసారి కూర్చుండి మాటలాడుకొందురు.